మళ్ళీ చిగురేసిన పేగు

నాకు సంతకం వరకూ వచ్చు. అంతకుమించి అక్షరం ముక్క రాదు. అందుకని నేను చెబుతున్నాను, మా కోడలు రాస్తోంది. విచిత్రం ఏమిటంటే, ఈ సంగతి గడప దాటకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నది కూడా ఈ కోడలే. అప్పుడు నా నోరు మూయించిన మనిషి ఇప్పుడు కలం పట్టుకుని "ఊఁ, తర్వాత?" అంటూ పక్కన కూర్చుంది. ఆ మార్పు ఎలా వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

ముందు నా గొంతు సంగతి చెప్పాలి. మాది చిలకలూరిపేట వైపు ఒక ఊరు. మిరప, పత్తి తప్ప ఇంకోటి ఎరగని నల్లరేగడి. చేలో ఈ గట్టున నిలబడి ఆ గట్టున ఉన్న కూలీని పిలవాలంటే గొంతు ఉండాలి. నాకు పుట్టుకతోనే ఉంది. మా ఆయన పోయాక సేద్యం నా నెత్తిన పడింది. కూలీల మీదా, ట్రాక్టరు వాళ్ళ మీదా, పురుగుమందుల కొట్టువాడి మీదా అరిచి అరిచి ఉన్న గొంతు కాస్తా బొంగురుపోయి రంపంతో కట్టె కోసినట్టు తయారైంది. ఊళ్ళో నన్ను మైకు అంటారు. నా ముందు అనరనుకోండి. పంచాయతీవాళ్ళు కుళాయి నీళ్ళు రావని చాటింపు వేయించడం కూడా మానేశారు. నా చెవిన వేస్తే చాలు.

మా అబ్బాయికి పెళ్ళయి ఏళ్ళు గడిచాయి, పిల్లలు లేరు. కోడలు పాల ప్యాకెట్టుకి వెళ్ళినా సరే, "ఏమ్మా, ఏమన్నా విశేషమా?" అని అడగని మనిషి లేదు. ఒకసారి బస్సు పడక దారిలో వాంతి చేసుకుంటే, మర్నాటికల్లా ఇంటికి పుల్ల మామిడికాయలు వచ్చాయి. తను అవి శుభ్రంగా ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి నాకు పెట్టింది. తను ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదు. ముక్కలు మంచి పులుపు మీద ఉన్నాయి, అయినా నేనూ గిన్నె పక్కకి జరిపేశాను.

గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి మొగుడూ పెళ్ళాలు వెళ్ళారు. ఆవిడ ముందు మా వాడి పరీక్ష అడిగింది. వీడు ట్రాక్టరు బేరింగు పోయిందని ఒకసారి, పైరుకి మందు కొట్టాలని ఒకసారి తప్పించుకు తిరిగాడు. ఒకరోజు కల్లంలో పట్టుకున్నాను.

"ఒరేయ్, మొలక రాకపోతే ముందు దేన్ని చూస్తాం? భూమినా, విత్తనాల పొట్లాన్నా?"

"అమ్మా, కాస్త మెల్లగా."

"నేను మెల్లగానే అడిగాను."

పక్క కల్లంలో కాయలు ఏరుతున్న ఆడకూలీలు పని ఆపి మా వైపే చూస్తున్నారు. ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. వాడు మర్నాడే వెళ్ళి పరీక్ష ఇచ్చి వచ్చాడు. అంతా బాగానే ఉందన్నారు. ఈ మాట రాయనంటోంది కోడలు. రాయవే, మొగుడిది బాగుందని రాయడానికి సిగ్గేమిటి?

ఆ తర్వాత కోడలికి రక్తపరీక్షలు, స్కానింగులు. అన్నీ బాగానే ఉన్నాయి, ఫలితం మాత్రం లేదు. డాక్టరమ్మ చివరికి, "బయటి నుంచి కనబడేవన్నీ చూశాం. ఇక లోపలే చూడాలి. లాప్రోస్కోపీ చేద్దాం" అంది. బొడ్డు దగ్గర చిన్న చిల్లు పెట్టి, దాంట్లోంచి కెమెరా దింపి, గర్భసంచినీ దాని పక్క గొట్టాలనీ టీవీలో చూస్తారట. చూడడమే పని. చిన్నదేమైనా అడ్డం కనిపిస్తే ఆ పూటే సరిచేస్తారు.

ఆ రోజు సాయంత్రం కోడలు నా పక్కన కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీస్తూ చెప్పింది.

"లోపల దారి ఉందో లేదో తెలిసిపోవాలి అత్తయ్యా. లేదంటే లేదు. ఇలా ఎదురుచూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. కానీ ఊళ్ళో ఒక్కరికి కూడా తెలియకూడదు."

"తెలిస్తే ఏమవుతుందే?"

"దారి లేదని తేలిందనుకోండి. ఆ మాట ముందు నేను మింగాలి కదా. నేను మింగకముందే వీధి వీధంతా వచ్చి నా మీద జాలి పడితే, నేను ఈ ఊళ్ళో ఉండలేను. మా అమ్మావాళ్ళింటికి వెళ్ళిపోతా. మీ అబ్బాయిని వదిలేసైనా సరే."

ఊరికే అనే పిల్ల కాదు. గొంతు కూడా పెంచలేదు.

"నాకు ఆపరేషనంటే భయం లేదు అత్తయ్యా. మీ నోరంటేనే భయం."

నా చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. నా చేతికి మిరపకాయల మంట, తన తలకి నూనె. అలా ఒట్టు పడింది.

వెళ్ళే రోజు పొద్దున్నే ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. నా ఒక చంకలో దుప్పటి, ఇంకో చేతిలో ఫ్లాస్కు. ఎదురింటి వదిన వాకిట్లో కళ్ళాపి చల్లుతోంది. ఈ వదిన సంగతి చెప్పాలి. ఆవిడదీ మా కోడలిదీ పుట్టింటి ఊరు ఒకటే, కనిగిరి వైపు. ఈ సంబంధం తెచ్చింది ఆవిడే.

"దుప్పటీ ఫ్లాస్కూ పట్టుకుని ఎక్కడికి వదినా పొద్దున్నే?"

పెళ్ళికి వెళ్తున్నామని చెప్పాలని రాత్రంతా అనుకున్నాను. పెళ్ళికి దుప్పటెందుకని అప్పుడు తట్టింది. నోటికి ఏది వస్తే అది అనేశాను.

"పిల్లకి ఇరవై నాలుగ్గంటల నొప్పి వచ్చింది వదినా. గుంటూరు తీసుకెళ్తున్నాం. ఆ పేగేదో తీసేస్తారంట."

"ఎవరికీ, కోడలికా?"

"మరి నాకా?"

వదిన చెంబు కింద పెట్టి ఆటోలోకి తొంగి చూసింది. కోడలు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని సెల్లు చూసుకుంటోంది.

"పాపం, మెలికలు తిరిగిపోతోంది" అంది వదిన.

నాకు ఎంత గర్వమనిపించిందో. పుట్టి బుద్ధెరిగాక ఒక రహస్యం కాపాడడం అదే మొదలు. ఆ ఊపులో ఆటో ఆగిన చోటల్లా, కిరాణా కొట్టు దగ్గరా, కల్లాల దగ్గరా, పాలకేంద్రం దగ్గరా, ఎవరూ అడగకపోయినా పేగు సంగతి చెప్పుకుంటూ పోయాను. నిజమే కాదు, అబద్ధం కూడా నా నోట్లో నిలవదు.

ముందు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టొద్దని ఆస్పత్రివాళ్ళు ముందే చెప్పారు. పిల్ల మొహం పీక్కుపోయిందని నేను ఫ్లాస్కులో కాఫీ ఒక్క గుక్క పట్టించబోతే నర్సమ్మ పరుగెత్తుకొచ్చి లాక్కుంది. కడుపులో ఏమైనా ఉంటే, మత్తులో ఉన్నప్పుడు పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుందట. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది చేయిస్తే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మన ప్రేమ అక్కడ పనికిరాదు. ఆ కాఫీ నేనే తాగేశాను.

గోళ్ళరంగు చెరిపించారు. వేలికి ఏదో క్లిప్పు పెడతారట, రంగుంటే అది పలకదట. గాజులు, జడపిన్నులు, చెవులవి అన్నీ తీయించారు. మెట్టెలు ఊడకపోతే సబ్బు రాసి లాగాం. చివరికి నర్సమ్మ మెడ వైపు చూసింది.

"సూత్రాలు కూడా తియ్యాలమ్మా. బంగారం ఉండకూడదు. పసుపు తాడైతే ఫరవాలేదు."

నేను ముందే పసుపు కొమ్ము కట్టిన తాడు తెచ్చాను. మా వాడు మందులు తేవడానికి కిందికి వెళ్ళాడు. కోడలు తాడు మెడలో వేసుకుని, సూత్రాలు తీసి, అటూ ఇటూ చూడకుండా నా గుప్పిట్లో పెట్టింది. అలాంటి వస్తువు నా చేతికి ఎవరూ ఇవ్వరు. పేరంటాలకి పిలవని చెయ్యి ఇది. మా ఊళ్ళో ఎవరైనా చూస్తే ఏమంటారోనని నేనే వెనక్కి తీసుకోబోయాను.

"రొంటిన దోపుకోండి అత్తయ్యా. మీ దగ్గరికి దొంగ కూడా రాడు" అంది.

దోపుకున్నాను. ఆ పూటంతా నా నడుముకి వెచ్చగా తగులుతూనే ఉన్నాయి.

ఇంతలో నర్సమ్మ కాగితం పట్టుకుని, "ఇంతకుముందు ఏమైనా ఆపరేషన్లు అయ్యాయా?" అని అడిగింది.

"చిన్నప్పుడు అపెండిసైటిస్ అయిందండి. పేగు పగిలితే తీశారు" అంది కోడలు.

"ఏదీ? ఏది అయిందీ?" అన్నాను. వరండా చివర వెళ్తున్న మత్తు డాక్టరు వెనక్కి తిరిగి చూశాడు.

"ఇరవై నాలుగ్గంటల నొప్పి అత్తయ్యా. పెళ్ళిచూపులప్పుడే మామయ్యగారికి చెప్పించాం కదా. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు! మహానుభావుడు పోయేదాకా కడుపులో దాచుకున్నాడు. నాకు చెబితే తెల్లారేసరికి ఊరికి తెలుస్తుందని. ఇంటికి వెళ్ళాక ఆయన ఫొటోతో మాట్లాడదాంలే అనుకున్నాను. ముందు నా సంగతి చూసుకోవాలి. ఊరంతా చాటేసి వచ్చాను కదా, ఆ పేగే తీస్తారని. కోడలి చెవిలో గొణిగాను. నా గొణుగుడు ఎలా ఉంటుందో మీకు తెలుసు, పక్క మంచం ఆవిడ కూడా విన్నది.

కోడలు నా మొహం చూసింది. కోపం వస్తుందనుకున్నాను. నవ్వు వచ్చింది. అంతకుముందు దేవుళ్ళకి దండాలు పెట్టుకుంటున్న పిల్ల, చక్రాల మంచం మీద వెల్లకిలా పడుకుని, "లేనిదాన్ని ఎలా తీస్తారత్తయ్యా, లేనిదాన్ని ఎలా తీస్తారు!" అని కిలకిలా నవ్వుతూ థియేటర్లోకి వెళ్ళింది. నర్సమ్మ మత్తు అప్పుడే ఎక్కిందనుకుంది.

తలుపు మూశాక మా వాడు గోడకి అంటుకుపోయి నిలబడ్డాడు. లోపల ఏం చేస్తారో డాక్టరమ్మ ముందే చెప్పింది. మత్తిచ్చి, గొంతులోకి గొట్టం వేసి, కడుపులోకి గ్యాసు ఎక్కిస్తారు. లోపలివన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కాబట్టి, ఉబ్బిస్తే విడివిడిగా కనబడతాయి. తర్వాత కింది నుంచి నీలం రంగు మందు పంపుతారు. అది గర్భసంచిలోంచి రెండు పక్కల గొట్టాల గుండా వెళ్ళి చివర బయటికి కారితే దారి ఉన్నట్టు. కారకపోతే మూసుకుపోయినట్టు. నేను ఇంకో మాట అడగలేదు. మిరప చేలో డ్రిప్పు పైపు పూడిపోయిందని అనుమానం వస్తే మేం చేసేదీ అదే. నీళ్ళు వదిలి చివర్న చెయ్యి పెట్టుకుని నిలబడతాం.

ఇప్పుడు ఆ చివర్న నిలబడింది నేను. చుక్క రాకపోతే ఈ పిల్ల పెట్టె సర్దుకుంటుంది. రొంటిన ఉన్నవాటిని పట్టుకుని కూర్చున్నాను.

డాక్టరమ్మ మాస్కు దించుకుంటూ వచ్చింది.

"పెద్దమ్మా, ఎడమవైపు మందు గలగలా పోయింది. కుడివైపు, ఆ పాత ఆపరేషన్ దగ్గర, పేగూ ట్యూబూ అతుక్కుపోయి ఉన్నాయి. విడదీశాను. ఆ తర్వాత అటు కూడా పోయింది, కాస్త నెమ్మదిగా."

"అయితే పిల్లలు పుట్టినట్టేనా?"

"దారి ఉందని చెప్పగలను. పుడతారని మాట ఇవ్వలేను. కొన్నాళ్ళు చూద్దాం."

అంటే కుడివైపు అన్ని ఏళ్ళూ అడ్డం పడింది ఆ పేగు తాలూకు అతుకే. నేను నోటికొచ్చినట్టు చెప్పిన అబద్ధం సగం నిజమైంది. నా నోటికి అంత శక్తి ఉందని నాకే తెలియదు.

కోడలికి మెలకువ వస్తుంటే మమ్మల్ని పిలిచారు. కళ్ళు తెరవలేదు, పెదాలు కదులుతున్నాయి. వంగి విన్నాం. "మైకు ఆపండి... కాస్త ఆ మైకు ఆపండి..." అంటోంది.

"ఏ మైకమ్మా? ఇక్కడ మైకేమీ లేదే" అంది నర్సమ్మ.

మా వాడు గోడ వైపు తిరిగాడు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని నర్సమ్మ మంచినీళ్ళు ఇచ్చింది. వాడి సంగతి నాకు తెలుసు.

తర్వాత ఏం జరుగుతుందో ఎవరూ సరిగ్గా చెప్పరు, కాబట్టి నేను చెబుతాను. కడుపు నొప్పెడుతుందని అందరూ అనుకుంటారు. పిల్ల మాత్రం భుజం పట్టుకుని మూలిగింది. కడుపు దగ్గర చిల్లు పెడితే భుజం నొప్పేమిటి? బల్ల మీద నుంచి పడేశారని నేను నర్సమ్మ మీద లేచాను. ఆవిడ చెప్పింది, లోపల మిగిలిన గ్యాసు పైకి తన్ని అక్కడ నొప్పి పుట్టిస్తుందట. లేచి మెల్లగా నడిస్తే తగ్గుతుందట. నడిపించాం. తగ్గింది. గొట్టం వేసినందుకు గొంతు రెండు రోజులు బొంగురుపోయింది. అత్తాకోడళ్ళు ఒకే గొంతుతో మాట్లాడుకుంటుంటే మా వాడు బయటికి వెళ్ళిపోయాడు. కాస్త మైల కనబడుతుంది, గుడ్డలు తీసుకెళ్ళండి. కడుపు ఉబ్బే ఉంటుంది, కాబట్టి బొందులు బిగించే బట్టలు వద్దు, వదులు నైటీ పట్టుకెళ్ళండి. మాకు తెలియక నాది తొడిగాం. అందులో ఇద్దరు కోడళ్ళు పడతారు.

ఇక అసలుది. బాత్రూంలోంచి "అత్తయ్యా!" అని ఒకటే కేక. పరుగెత్తాను. మూత్రం పచ్చగా, ఆకు పచ్చగా వచ్చింది. పత్తికి కొట్టే పురుగుమందు అదే రంగులో ఉంటుంది. మొహం కడుక్కుంటున్న నలుగురైదుగురు ఆడవాళ్ళకి వినబడేలా, "మా పిల్లకి పురుగుమందు ఎక్కించారు!" అన్నాను. ఆ నీలిమందే ఇలా దిగుతుందట, ఒకటి రెండు పూటల్లో పోతుందట. ఆ సంగతి ముందే చెబితే ఆస్పత్రి పరువు దక్కేది.

మర్నాడు పంపించేశారు. బరువులు ఎత్తొద్దన్నారు, బిందె కూడా. కుట్లు వాటంతటవే కరిగిపోతాయి, తడి తగలనివ్వకండి అన్నారు. మొగుడూ పెళ్ళాలు ఎప్పటినుంచి కలిసి ఉండొచ్చో మళ్ళీ చూపించుకున్నప్పుడు చెబుతామన్నారు. జ్వరం వచ్చినా, చీము కనబడినా, రక్తం ఎక్కువైనా, కడుపునొప్పి తగ్గకుండా పెరుగుతున్నా వెంటనే రమ్మన్నారు. దగ్గూ తుమ్మూ రానివ్వొద్దు, వస్తే ఒక దిండు కడుపుకి అదిమిపెట్టుకోమని కోడలికి చూపించారు. అది మా ఇంటి నుంచి తెచ్చిన బూరుగుదూది దిండే, చిన్నది, పసిపిల్లలకి పెట్టేటంత. తిరిగొచ్చేటప్పుడు కిరాయి కారులో స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా పిల్ల ఆ దిండుని కౌగిలించుకునేది.

దగ్గూ తుమ్మూ రాకుండా చూసుకోమన్నారు సరే. కాయ కోతల రోజుల్లో మా ఊళ్ళో ఎలా కుదురుతుంది? వీధంతా కల్లాలే. మా వసారాలోనే కాయ తొక్కి నింపిన టిక్కీ బస్తాలు నడుములెత్తు పేర్చి ఉన్నాయి. గాలి వీస్తే కుక్కలు కూడా తుమ్ముతాయి. కోడలిని వెనక గదిలో పడుకోబెట్టి, కిటికీకి తడిబట్ట కట్టాను.

పలకరింపులు మొదలయ్యాయి. ఒక్కొక్కరే బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు పట్టుకుని వచ్చారు. మంచం చుట్టూ కూర్చుని పత్యం మీద తగువులాడుకున్నారు. కందిపప్పు పెడితే చీము పడుతుందని ఒకరు, వంకాయ పెడితే కుట్టు దురద పెడుతుందని ఒకరు. డాక్టరమ్మ అన్నీ తినమంది. అయినా నేను ఆ మాట పక్కనపెట్టి బీరకాయ కూరే పెట్టాను. పిల్ల పప్పు పప్పని కలవరించింది. ఇప్పుడు చెబుతున్నాను, పప్పు పెట్టండి, ఏమీ కాదు. తర్వాత తనే లేచి రెండు గిన్నెలు లాగించింది, కుట్లు చక్కగా మానాయి.

వచ్చినవాళ్ళలో ఒకావిడ, "పేగు తీస్తే కడుపు తగ్గాలి కదా, పెరిగిందేమిటే? కొంపదీసి విశేషమా?" అంది. నేను జవాబు వెతుక్కుంటుంటే కోడలి సెల్లు మోగింది. కోడలు పడుకుని ఉంది కదాని స్పీకరు పెట్టాను. వియ్యపురాలు. మేం తనకీ చెప్పలేదు. మా ఊరి కబురు కనిగిరి దాకా ఎగిరిందన్నమాట.

"ఏమే, మళ్ళీ ఇరవై నాలుగ్గంటల నొప్పేమిటే? ఆ పేగు నీకు తొమ్మిదో తరగతిలోనే తీశారు కదే!"

గదిలో అందరూ నా వైపు తిరిగారు. కోడలు దుప్పటి మొహం మీదికి లాక్కుంది. దుప్పటి కింద నుంచి తన చెయ్యి వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది, గట్టిగా.

"మళ్ళీ చిగురేసింది" అన్నాను.

"పేగా?"

"ఏం, వెయ్యకూడదా? పత్తి మోడు కొట్టేస్తే చిగురు వెయ్యదా? మిరప మోడు వెయ్యదా? మొదలు ఉండాలే గానీ దేనికైనా చిగురొస్తుంది. అందులో మెట్ట పిల్ల, గట్టి పేగు."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ నెమ్మదిగా, "నిజమే, మా బావగారికి కూడా రెండుసార్లు తీశారు" అంది. ఆ మాట అన్నందుకు ఆవిడకి జన్మంతా రుణపడి ఉంటాను. ఎదురింటి వదిన మాత్రం తల దించుకుని బత్తాయి ఒలుస్తూ కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి.

అందరూ వెళ్ళాక వదిన ఉండిపోయింది. "ఇన్ని కళ్ళు పడ్డాయి, పిల్లకి దిష్టి తియ్యి వదినా" అంది. నాకూ అదే మనసులో ఉంది. వాకిట్లో తీస్తే మళ్ళీ జనం మూగుతారని, గది తలుపులు వేసి, ధూపం వేసే మూకుడులో నిప్పులు పోసి పట్టుకొచ్చాను. ఎండు మిరపకాయలు, రాళ్ళుప్పు గుప్పిట్లో పెట్టుకుని పిల్ల చుట్టూ తిప్పి నిప్పుల మీద పోశాను.

నేను మర్చిపోయింది ఏమిటంటే, ఆ ఏడు మేం వేసింది తేజ రకం. మామూలు కాయ కాదు. అందులో కొత్త కాయ. అందులో తలుపులు మూసిన గది.

ఇక చూడండి. నాకు ఊపిరి ఆడలేదు, వదినకి కళ్ళు కనబడలేదు, కోడలు దిండుని పొట్టకి అదుముకుని దగ్గుతోంది, దగ్గుకీ దగ్గుకీ మధ్య నవ్వుతోంది. "నవ్వించకండత్తయ్యా, కుట్లు లాగుతున్నాయి!" అంటుంది, మళ్ళీ నవ్వుతుంది. వదిన తలుపు గడియ కోసం గోడంతా తడుముతూ అరిచింది.

"దిష్టి లేదే! అస్సలు లేదే పిల్లకి! దిష్టి ఉంటే ఇంత ఘాటొస్తుందా?"

అది మాత్రం నిజం. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. ఇంత ఘాటొచ్చిందంటే ఊళ్ళో ఒక్క కన్ను కూడా పిల్ల మీద చెడ్డగా పడలేదన్నమాట.

"పేగు చిగురేసిందంట పేగు!" అంటోంది వదిన దగ్గుతూనే. "ఆనాడు ఆ పిల్లని ఒంగోలు ఆస్పత్రికి మోసుకెళ్ళిన బండిలో నేనూ ఉన్నాను, వదినా! మీ ఆయనకి చెప్పింది నేనే. నాకా చెబుతున్నావ్?"

"మరి ఆటో దగ్గర ఎందుకు ఊరుకున్నావే?"

"పుట్టాక మొదటిసారి ఒక సంగతి దాస్తున్నావు కదా, ఎంతసేపు దాస్తావో చూద్దామని!"

గడియ ఊడింది. ముగ్గురం వాకిట్లోకి వచ్చి పడ్డాం. పొగ మా వెనకే వచ్చింది. వీధిలో ఉన్నవాళ్ళంతా తుమ్ముకుంటూ చేరారు. పొద్దున బ్రెడ్డు తెచ్చిన మొహాలే.

"ఏమైంది? ఇల్లంటుకుందా?"

"ఆ పిల్ల అలా ఏడుస్తోందేం? అసలు ఆ ఆపరేషన్ దేనికి?"

అడిగింది కోడలిని కాదు, నన్ను. ఊరికి ఏం తెలియాలన్నా నన్నే కదా అడిగేది. నా నోరు తెరుచుకుంది. కోడలు అరుగు మీద కూర్చుని, దిండు పట్టుకుని, నీళ్ళు కారే కళ్ళతో నన్నే చూస్తోంది. తన నెత్తి మీది నూనె నా అరచేతికి అప్పుడే అంటినట్టనిపించింది.

"నాకు తెలియదు" అన్నాను.

వీధి వీధంతా నిర్ఘాంతపోయింది. "నీకు తెలియదా?" అన్నారెవరో. మిరప పొగకి కాదు, ఆ మాటకి దగ్గు వచ్చింది వాళ్ళకి.

కోడలు కళ్ళు తుడుచుకుంది. నా వైపు చూసి ఒకసారి నవ్వి, తనే చెప్పింది.

"పిల్లల కోసం లోపల చూపించుకున్నానండి. దారి ఉందన్నారు. ఎప్పుడన్నది నాకూ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఏమైనా ఉంటే నేనే చెబుతాను. అందాకా నన్ను విశేషమా అని అడగొద్దు."

జాలి పడతారనుకున్నాం. ఎవరూ పడలేదు. "జరగండే, పిల్లకి గాలి ఆడనివ్వండి" అని వదిన అందరినీ నెట్టింది. ఒకావిడ మజ్జిగ తెచ్చింది. పొద్దున బావగారికి రెండుసార్లు తీశారన్నావిడ అందరూ వెళ్ళేదాకా ఆగి, నా పక్కకి చేరి, "వదినా, మా అమ్మాయికి కూడా పేగు చిగురేసినట్టుంది. ఏ డాక్టరు?" అంది.

అప్పటినుంచి మా వీధిలో అదే మాట. పెరటి గుమ్మంలోంచి వస్తారు, పేగు చిగురేసిందంటారు. కోడలు కూర్చోబెట్టి చెబుతుంది. వదులు నైటీ, పాత గుడ్డలు, పచ్చటి మూత్రం, భుజం నొప్పి, ముందు మొగుడిని పరీక్షకి పంపించడం. చెప్పి చెప్పి విసుగొచ్చి, "మీరు చెప్పండి, నేను రాస్తాను, అందరికీ ఒకేసారి సరిపోతుంది" అని నన్ను కూర్చోబెట్టింది.

ఇంతకీ విశేషమా అని మీరూ అడగబోతున్నారు. అడగొద్దని పిల్ల చెప్పింది కదా.

ఆ చిన్న దిండు ఇప్పుడు మా ఇంట్లో లేదు. ఒకరి తర్వాత ఒకరు తీసుకెళ్తున్నారు, గలేబు ఉతికి తిరిగి ఇస్తున్నారు. ఈ వారం ఎవరింట్లో ఉందో నాకు తెలుసు. కలం పట్టుకుని కోడలు కూడా అడుగుతోంది, ఎవరింట్లో అత్తయ్యా అని.

చెప్పను.